ముందేది? వెనుకేది?

ఒక మోటారు కారునందు చిన్న మర మొదలుకొని ఇంజను వరకు లెక్కించినచో సుమారు 30,000 భాగములు ఉండును. అవి అన్నియు ఒక్కచోట తయారగునవి కావు. అద్దములు ఒకచోట, చక్రములు ఒకచోట, ఆసనములు వేరొకచోట తయారై, లారీలమీదను, రైళ్లమీదను, ఓడలమీదను ప్రయాణము చేసి, తుదకు ఒక కర్మాగారమునకు చేరి కారుగా కూర్పబడును. వానిలో ఏ ఒక్కటి సమయమునకు అందకున్నను కారు కదలదు. వేయి చక్రములు సిద్ధముగా ఉండి, వానిని బిగించు మరలు లేకున్నచో ఆ చక్రముల వలన ప్రయోజనము లేదు. అవి స్థలమును ఆక్రమించును. వానికై వెచ్చించిన ధనమును కట్టివేయును.

కర్మాగారము వర్ధిల్లుటకు మంచి యంత్రములును, నేర్పరులైన పనివారును, తగిన మూలధనమును కావలెనని అందరును ఎరుగుదురు. కాని ఈ మూడును ఉండియు నష్టపడిన కర్మాగారములు కలవు. వానికి కొరవడినది వరుస. ఏ పని ముందు చేయవలెను? నిలువచేసినవానిలో దేనిని ముందు తీయవలెను? ఏ సరుకును ఎప్పుడు తెప్పింపవలెను? చూచుటకు ఇవి చిన్న ప్రశ్నలు. వీనికి సరియైన సమాధానము దొరకినచో, క్రొత్త యంత్రమును కొనకయే, ఒక్క మనిషినైనను అదనముగా నియమింపకయే, కాలమును, ధనమును, ఒక్కొక్కప్పుడు ప్రాణములను కూడ కాపాడవచ్చును.

మొదటి ప్రశ్నకు పుస్తకముల తయారీని ఉదాహరణముగా తీసికొందము. ఒక ముద్రణాలయమున అచ్చుయంత్రము ఒకటి, బైండింగు యంత్రము ఒకటి కలవనుకొందము. బడులు తెరచునాటికి నాలుగు పాఠ్యపుస్తకములను సిద్ధపరుపవలెను. ఏ పుస్తకమైనను మొదట పూర్తిగా అచ్చు కావలెను. పిదపనే బైండింగునకు పోవలెను. గణితమునకు అచ్చు 6 దినములు, బైండింగు 2 దినములు పట్టును. భూగోళమునకు అచ్చు 5 దినములు, బైండింగు 3 దినములు. చరిత్రకు అచ్చు 3 దినములు, బైండింగు 4 దినములు. తెలుగునకు అచ్చు 1 దినము, బైండింగు 6 దినములు.

పెద్ద పనిని ముందుగా తీర్చుకొనుట మేలని తలచి, ముద్రణాలయాధికారి గణితము, భూగోళము, చరిత్ర, తెలుగు అను వరుసలో పని ప్రారంభించెననుకొందము. గణితము అచ్చగుచున్న 6 దినములును బైండింగు యంత్రము ఊరక నిలిచియుండును. 8వ దినమున గణితము ముగియును. అప్పటికి భూగోళము ఇంకను అచ్చులోనే ఉండును. అది 11వ దినమునకు గాని బయటికి రాదు. కావున బైండింగు యంత్రము మరల 3 దినములు ఖాళీగా ఉండును. ఆ తరువాత భూగోళము 14వ దినమునకును, చరిత్ర 18వ దినమునకును, తెలుగు 24వ దినమునకును ముగియును.

ఇప్పుడు ఆ వరుసను తలక్రిందులు చేయుదము. మొదట తెలుగు, పిదప చరిత్ర, పిదప భూగోళము, కడపట గణితము. తెలుగు ఒక్క దినములోనే అచ్చై బైండింగునకు చేరును. ఆ యంత్రము దానితో 6 దినములు పనిచేయుచుండగా, ఇచ్చట చరిత్ర అచ్చై సిద్ధముగా ఉండును. ఈ విధముగా తెలుగు 7వ దినమునకును, చరిత్ర 11వ దినమునకును, భూగోళము 14వ దినమునకును ముగియును. గణితము 15వ దినమున అచ్చు పూర్తియై, 17వ దినమున బైండింగు ముగించుకొనును. అవే యంత్రములు, అదే పనివారు, అవే పుస్తకములు. మారినది వరుస మాత్రమే. అయినను 7 దినములు మిగిలినవి.

17 దినములకంటె తక్కువలో ఈ పని ముగించుట సాధ్యమా? సాధ్యము కాదు. నాలుగు పుస్తకముల అచ్చుకే మొత్తము 15 దినములు పట్టును. చివర అచ్చగు పుస్తకము ఏదైనను, దాని బైండింగునకు కనీసము 2 దినములు మిగిలియే ఉండును. కావున ఇంతకంటె మంచి వరుస లేదని నిశ్చయముగా చెప్పవచ్చును.

ఇట్టి వరుసను కనుగొనుటకు అమెరికా దేశపు గణితశాస్త్రజ్ఞుడైన ఎస్. ఎం. జాన్సన్ 1954లో ఒక సులభమైన నియమమును ప్రకటించెను. అన్ని పనుల కాలములను ఒకచోట వ్రాసికొని, వానిలో మిక్కిలి చిన్న సంఖ్యను వెదకవలెను. అది మొదటి యంత్రమునకు సంబంధించినదైనచో ఆ పనిని వరుసలో ముందు పెట్టవలెను. రెండవ యంత్రమునకు సంబంధించినదైనచో చివర పెట్టవలెను. ఆ పనిని కొట్టివేసి, మిగిలినవానితో మరల అట్లే చేయవలెను. పై ఉదాహరణములో మిక్కిలి చిన్న సంఖ్య 1. అది తెలుగు పుస్తకపు అచ్చుకు పట్టు కాలము. కావున తెలుగు మొదటిది. తరువాతి చిన్న సంఖ్య 2. అది గణితపు బైండింగునకు పట్టు కాలము. కావున గణితము చివరిది. ఈ విధముగా మిగిలిన రెండింటి స్థానములును తేలును.

ఈ నియమము లేనిచో ఒక్కొక్క వరుసను పరీక్షించి చూడవలసివచ్చును. నాలుగు పుస్తకములను 24 విధములుగా వరుసపెట్టవచ్చును. పది పుస్తకములైనచో ఆ విధములు 36,28,800 అగును. ఇక యంత్రములు రెండు గాక మూడైనచో, ఎన్ని పనులున్నను ఎల్లప్పుడును ఉత్తమమైన వరుసను ఇంత తేలికగా చెప్పు నియమము నేటివరకు దొరకలేదు. గణనయంత్రములు వచ్చిన పిదపను ఇది గణితజ్ఞులకు కఠినమైన సమస్యగనే నిలిచియున్నది.

రెండవ ప్రశ్న నిలువకు సంబంధించినది. ముందు వచ్చిన చెవులకంటె వెనుక వచ్చిన కొమ్ములు వాడి యని సామెత. మనుష్యుల విషయమున ఇది నిజమైనను కావచ్చును గాని, గిడ్డంగి విషయమున మాత్రము ముందు వచ్చినదియే ముందు పోవలెను. ధాన్యపు బస్తాలను ఒకదానిమీద నొకటి పేర్చి, అవసరమైనప్పుడెల్ల పైనున్న బస్తాను తీయుచు, క్రొత్తగా వచ్చినదానిని మరల పైననే వేయుచున్నచో, అడుగు బస్తాకు ఎన్నడును వెలుగు కనబడదు. అది చెమ్మగిల్లును, దానికి పురుగు పట్టును, ఆ పురుగు ప్రక్క బస్తాలకు ప్రాకును. గిడ్డంగి నిండుగనే కనబడును గాని లోపలి ధాన్యము తినుటకు పనికిరాదు. ఇందుకు కాపలాదారులను హెచ్చించుట ఉపాయము కాదు. సరుకును ఒక వైపునుండి లోనికి చేర్చి, రెండవ వైపునుండి బయటికి తీయు ఏర్పాటు చేసిన చాలును. అప్పుడు ఎవరును జ్ఞాపకము చేయకయే పాతది ముందు కదలును.

దగ్గర, దూరము అనునవి కూడ వరుసలోనివే. దినమునకు పలుమార్లు కావలసిన వస్తువును ద్వారము చెంతను, చేతికందు ఎత్తునను ఉంచవలెను. ఏడాదికొకసారి కావలసినదానిని లోపలి మూలన ఉంచవచ్చును. ఈ చిన్న సూత్రమును మరచిన గిడ్డంగిలో పనివారు సగము దినమును నడకతోనే గడుపుదురు.

అయితే, ముందు వచ్చినది ముందు పోవుట అన్ని వేళలను చాలదు. టీకా మందుల నిలువలో ఇది స్పష్టముగా కనబడును. పెక్కు టీకా మందులను 2 నుండి 8 డిగ్రీల సెంటిగ్రేడు చల్లదనములో ఉంచవలెను. సాధారణముగా గడువు తేది ముందున్న సీసాను ముందు వాడుదురు. కాని, గడువు ఇంకను ఎంతో కాలమున్న సీసా యొకటి దారిలో ఎండకు గురియైనదనుకొందము. దాని శక్తి త్వరగా తరిగిపోవును. మందును చూచి ఈ సంగతి చెప్పుట ఎవరి తరమును కాదు. ఈ చిక్కును తీర్చుటకై 1996 నుండి పోలియో చుక్కల మందు సీసాలమీద ఒక గుర్తు అంటించుట ప్రారంభమైనది. పిదప అది ఇతర టీకా సీసాలమీదకును వచ్చినది. అది ఒక వృత్తము; దాని నడుమ లేత రంగు గల చిన్న చతురస్రము ఉండును. సీసాకు వేడి తగిలిన కొలదియు చతురస్రము రంగు ముదురును. అది వృత్తపు రంగుతో సమానమైనచో ఆ మందును పారవేయవలసినదే. అంత ముదురక, కొంత మారిన సీసా ఉన్నచో, గడువు ఎంత యున్నను దానిని మిగిలినవానికంటె ముందు వాడుదురు. మారుమూల పల్లెలోని ఆరోగ్య కార్యకర్త చేయవలసినది ఒక్క చూపు చూచుట మాత్రమే. ఆ చూపుతో సీసాల వరుస నిశ్చయమగును. బిడ్డకు శక్తి గల మందు దొరకును. పనికివచ్చు మందు వృథా కాకుండ మిగులును.

మూడవ ప్రశ్న సరఫరాకు సంబంధించినది. దీనికి సమాధానము వెదకుటలో లోకమునకు మార్గము చూపినవారిలో జపాను దేశపు టొయోటా మోటారు సంస్థవారు ముఖ్యులు. ఆ సంస్థను కీచిరో టొయోడా 1937లో స్థాపించెను. ప్రతి భాగమును కావలసిన వేళకు, కావలసినంత మాత్రమే అందవలెననునది ఆయన ఆశయము. కాని యుద్ధము వచ్చుటచే ఆ ఆశయము ఆచరణలోనికి రాలేదు. యుద్ధానంతరము జపాను ఆర్థికముగా చితికిపోయెను. 1949 నాటికి టొయోటా సంస్థ తయారుచేసిన బండ్లు అమ్ముడుపోక పేరుకొనిపోయెను, అప్పులు పెరిగెను. 1950లో వేయిమందికి పైగా పనివారు సంస్థను విడువవలసివచ్చెను. పనివారు సమ్మె చేసిరి. కీచిరో ఆ దుస్థితికి తాను బాధ్యత వహించి అధ్యక్ష పదవికి రాజీనామా నొసగెను. ఆయన 1952లో మరణించెను. అమ్ముడుపోని సరుకు సంపద కాదని ఆ సంస్థ ఎంతో మూల్యము చెల్లించి నేర్చుకొనెను.

ఆ కాలమున యంత్రశాలకు అధికారిగా ఉండిన టైచి ఓనో కర్మాగారములోని పనితీరును నిశితముగా పరిశీలించెను. ప్రతి శాలయు తనకు చేతనైనంత వేగముగా భాగములను చేసి తరువాతి శాలమీదికి నెట్టుచుండెను. ఆ కారణమున ఒక భాగము గుట్టలుగా పడియుండగా, మరియొకటి ఎంత వెదకినను దొరకకుండెను. నెల మొదటి దినములలో భాగములు చేరక కూర్పు పని సాగకుండెను. నెల చివర అందరును నిద్ర మాని హడావుడి పడుచుండిరి. అందరును శ్రమించుచునే యుండిరి. కాని ఆ శ్రమకు వరుస లేదు.

అమెరికాలోని పెద్ద అంగళ్లలో కొనువారే బీరువాలయొద్దకు పోయి తమకు కావలసినది కావలసినంత తీసికొందురని ఓనో వినియుండెను. 1956లో ఆ దేశమునకు పోయి స్వయముగా చూచెను కూడ. అచ్చట ఏ వస్తువు ఎంత ఖాళీయైనదో దానినే అంతవరకు మరల నింపుదురు. ఈ పద్ధతిని కర్మాగారమునకు అన్వయించినచో, వెనుకటి శాల ముందు శాలమీదికి సరుకును నెట్టదు. ముందు శాలయే వెనుకకు వచ్చి తనకు కావలసినది తీసికొనిపోవును. తీసికొనిపోబడినంతయే మరల తయారు చేయవలెను. ఈ వార్తను మోయుటకు ఆయన చిన్న చీటిని ఏర్పరచెను. దానికి కాన్‌బాన్ అని పేరు. జపాను భాషలో ఆ మాటకు సూచనపలక యని అర్థము. ఏ భాగము, ఎన్ని, ఎచ్చటినుండి ఎచ్చటికి అను సంగతులు ఆ చీటిమీద ఉండును. చీటి రానిదే ఎవరును భాగమును తయారు చేయరాదు, కదల్పరాదు. లోపమున్న భాగమును తరువాతివానికి పంపనే పంపరాదు.

ఈ మార్పు ఒక్కనాట వచ్చినది కాదు. కొద్ది కొద్దిగా చేయవలెనన్నచో, ఒక భాగమునుండి మరియొక భాగమునకు మారుటకు యంత్రములోని అచ్చులను తరచుగా మార్చవలెను. 1940 ప్రాంతములలో టొయోటాలో అట్టి మార్పునకు రెండు మూడు గంటలు పట్టుచుండెను. అంత కాలము పట్టుచున్నంతవరకు ఒక్కసారియే వేలకొలది భాగములు చేసి పడవేయుట లాభమని తోచుట సహజమే. పరికరములను ముందే సిద్ధపరచుకొనుట, అనవసరమైన బిగింపులను తొలగించుట మున్నగు ఉపాయములచే ఆ కాలమును 1950 ప్రాంతములలో గంటకు లోపునకు తగ్గించిరి. 1960 దశకము చివరకు మూడు నిమిషములకు కూడ తెచ్చిరి. మంచి వరుస కావలెనని కోరిన చాలదు. దానికి అడ్డుగా ఉన్న కారణమును కూడ తొలగింపవలెనని ఇందువలన తెలియుచున్నది.

కార్లను కూర్చు వరుసలో కూడ వారొక నేర్పును చూపిరి. పెద్ద కార్లు నాలుగు, నడితరగతివి రెండు, చిన్నవి రెండు కావలెననుకొందము. పెద్దవి నాలుగును ముందుగా చేసినచో, పెద్ద కారు తలుపులు చేయువారికి ఉదయమంతయు ఊపిరి సలుపదు, సాయంకాలమంతయు పని యుండదు. చిన్న కారు తలుపులు చేయువారి గతి దీనికి వ్యతిరేకము. అందుచే పెద్దది, నడితరగతిది, పెద్దది, చిన్నది అను క్రమమున రెండుమార్లు చేయుదురు. అప్పుడు ఎవరిమీదను భారము ఒక్కసారిగా పడదు.

నేడు అనేక దేశములలోని మోటారు కర్మాగారములకు ఆసనములు కార్లు వచ్చు వరుసలోనే చేరుచున్నవి. మొదటి కారు ఆసనము లారీనుండి మొదట దిగవలెను. వెనుక ద్వారము ఒక్కటియే గల లారీలో చివర ఎక్కినది మొదట దిగును. కావున మొదటి కారు ఆసనమును చివర ఎక్కింపవలెను. దిగువాని వరుసను తలచుకొని ఎక్కించువాడు తన వరుసను తలక్రిందులు చేసికొనుచున్నాడు.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి నిలువ ఎంత తక్కువయైన అంత మంచిదని తలచుట పొరపాటు. 1997 ఫిబ్రవరి 1వ తేదిన జపానులోని కరియా పట్టణమున, ఐసిన్ సేకి అను సంస్థకు చెందిన కర్మాగారము అగ్నికి ఆహుతియయ్యెను. టొయోటా కార్ల బ్రేకులకు కావలసిన చిన్న కవాటములు దాదాపు అన్నియు అచ్చటనే తయారగుచుండెను. టొయోటావారి యొద్ద కొన్ని గంటలకు సరిపడు నిలువ మాత్రమే ఉండెను. అరచేతిలో ఇముడునంతటి వస్తువు లేకపోవుటచే మహా కర్మాగారములు ఆగిపోయెను. అప్పుడు వందలాది సంస్థలు సాయమునకు వచ్చెను. కుట్టుమిషన్లు చేయు సంస్థ కూడ ఆ కవాటములను తయారు చేసి పంపెను. కొలది దినములలోనే కార్లు మరల కదలసాగెను. 2011 మార్చి 11వ తేదిన వచ్చిన మహా భూకంపమునకు తరువాత టొయోటావారు, పోయినచో త్వరగా దొరకని వస్తువులను ఏరి, వానిని మాత్రము కొన్ని నెలలకు సరిపడ నిలువచేయు ఏర్పాటు చేసిరి. 2021 ఆరంభమున లోకమంతట ఎలక్ట్రానిక్ చిప్పుల కొరత ఏర్పడినపుడు ఆ నిలువ వారిని కొంతకాలము ఆదుకొనెను. అయినను ఆ ఏటనే వారికిని ఉత్పత్తిని తగ్గింపక తప్పలేదు.

కావున అన్ని వస్తువులకు ఒకే నియమము చెల్లదు. సులభముగా దొరకునది వేరు, దుర్లభమైనది వేరు. త్వరగా చెడునది వేరు. ఏండ్లకొలది చెడక నిలుచునది వేరు. దేని స్వభావమును బట్టి దానికి స్థానము నిర్ణయింపవలెను.

అయితే, ఈ వేరు వేరు నియమములన్నింటికిని మూలము ఒక్కటియే. తన తరువాతివానికి ఏది, ఎప్పుడు కావలెనను ఆలోచనయే ఆ మూలము. బైండింగు చేయువాడు ఊరక కూర్చుండకుండ ఏ పుస్తకము ముందు అచ్చు వేయవలెనో అచ్చువాడు ఆలోచింపవలెను. బిడ్డకు శక్తి గల మందు అందునట్లు ఏ సీసాను ముందు తీయవలెనో ఆరోగ్య కార్యకర్త చూడవలెను. ఆసనములను దింపువాడు వెదకుకొనకుండ లారీలో ఎక్కించువాడు వానిని పేర్పవలెను. ఎవరి పని వారికి సులభమగునట్లు చేసికొనుట అలవాటు. తరువాతివాని పని సులభమగునట్లు చేయుట వరుస. దీనికి ధనము అక్కరలేదు. పని ప్రారంభించుటకు ముందు ఒక్క నిమిషము ఆగి, ముందేది, వెనుకేది అని ప్రశ్నించుకొన్న చాలును.